పలకకొక వెన్నుపూస

నా చిన్నప్పుడు ఎండాకాలమంతా మా నానమ్మ కాపురం డాబా మీదే. పాత చీరలు పరిచి, వాటి మీద బియ్యప్పిండి వడియాలు, గుమ్మడికాయ వడియాలు, మజ్జిగలో నానిన మిరపకాయలు వరుసగా ఆరబెట్టి, మెట్ల గది నీడలో పీట వేసుకుని కూర్చునేది. చేతిలో పొడుగాటి వెదురుకర్ర ఉండేది. కాకి వాలితే కర్ర లేచేది, ఉడత వస్తే తిట్టు లేచేది. అప్పటికే ఆమె చూపు మసకబారింది. కాకిని రెక్కల చప్పుడును బట్టి పోల్చుకునేది. వడియం ఎండిందో లేదో వేళ్ళతో నొక్కి చెప్పేది. ఈ పనికి కళ్ళు అక్కర్లేదనేది.

మట్టెవాడలో మా ఇల్లూ పక్కిల్లూ ఒకే గోడకు అతుక్కుని ఉండేవి. రెండు డాబాల మధ్య మోకాలెత్తు పిట్టగోడ ఒకటి ఉండేది కానీ, దాన్ని ఎవరూ గోడగా లెక్కపెట్టేవారు కాదు. వాళ్ళ అప్పడాలు మా వైపు ఎండేవి, మా చింతపండు వాళ్ళ వైపు ఎండేది. మా నాన్నకు బజారులో ధాన్యం దుకాణం. వాళ్ళకు ఇత్తడి సామాను కొట్టు. రెండిళ్ళలోనూ కోడిగుడ్డు అన్న మాట గొంతు తగ్గించి పలికేవారు. నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులవి. నానమ్మ వాటిని నమ్మేది కాదు, అణాల్లోనే మాట్లాడేది.

ఆ పక్కింటి అక్క హైదరాబాదులో హాస్టల్లో ఉండి జంతుశాస్త్రం చదివేది. మా వీధిలో అంత దూరం వెళ్ళి చదువుకున్న ఆడపిల్ల అంతకు ముందు లేదు. వాళ్ళ నాన్న ఎందరో కాదన్నా పంపించారు, కానీ ఒక్క మాట పడ్డా ఇంటికి తెచ్చేస్తానని చెప్పే పంపించారు. అందుకని సెలవులకు వచ్చినప్పుడు అక్క మా వీధిలో చాలా ఒద్దికగా నడిచేది. ఒద్దికంతా వీధిలోనే. డాబా మీదికి వస్తే ఓణీ నడుముకు చుట్టి, పిట్టగోడ మీద కూర్చుని, కప్ప గుండె ఎలా ఉంటుందో నాకు చెప్పేది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పాప. ఈ నెలలో పాకడం నేర్చుకుంది. నేల మీద ఏది కనబడినా తిన్నగా నోట్లోకే. బొత్తాం, మినపగింజ, మంచం కింద ఎప్పుడో పడిన పిన్నీసు. రోజంతా దాని నోట్లో వేలు పెట్టి వెతకడమే నా పని. అది నిద్రపోయాక కూడా నాకు నిద్ర రాదు. అలాంటి వేళ కాగితం ముందు పెట్టుకుంటే ఆ ఎండాకాలమే గుర్తుకొచ్చింది. అప్పుడు మా తమ్ముడు ఇప్పటి మా పాపంత ఉండేవాడు.

ముందు పాము సంగతి చెప్పాలి. అంతకు ముందు దసరా సెలవుల్లో, అక్క మేనమామ గారి రైస్ మిల్లులో ఊక గుట్ట దగ్గర హమాలీలు ఒక పామును కొట్టారు. నాగుపామనుకున్నారట. చచ్చాక చూస్తే జెర్రిపోతు. విషం లేనిది, ఎలుకలను తిని మిల్లుకు మేలు చేసేది. అయ్యో అనుకున్నారు. అక్క మాత్రం దాన్ని గోనెసంచిలో పెట్టి ఇంటికి తెప్పించింది. పాము అస్థిపంజరం ఒకటి తీగకు గుచ్చి కాలేజీకి తీసుకెళ్ళాలని ఆమె పట్టుదల. వీపు వైపు కోసి తోలు ఒలిచింది. దానికి ఉప్పూ పటికా రాసి, పొడుగాటి చెక్క మీద పరిచి మేకులు కొట్టింది. మిగిలినదాన్ని అంచు విరిగిన కుండలో పెట్టి, మట్టితో నింపి, పెరటి మూల పాతిపెట్టింది. వాళ్ళమ్మ ఆ కుండలో ఏముందని అడగలేదు. అడిగితే చెబుతుందని ఆమెకు భయం.

ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి మట్టి తన పని తాను చేసేసింది. అక్క కుండ తీసి, మట్టిని జల్లెడ పట్టి, ఎముకలన్నీ ఏరి, సున్నపు తేటలో నానబెట్టి కడిగింది. తలా, పక్కటెముకలూ, తోక ఎముకలూ వేరువేరు డబ్బాల్లోకి వెళ్ళాయి. మొండెం పొడుగునా ఉండే వెన్నుపూసలు మాత్రం పెద్ద పళ్ళెంలో ఆరడానికి డాబా ఎక్కాయి. ఒక్కొక్కటి వేలి కొసంత. తెల్లగా, బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. అక్క వాటిని ముట్టుకోనిచ్చింది నన్నొక్కదాన్నే.

చెక్కకు కొట్టిన తోలును కూడా ఆ మధ్యాహ్నమే చూపించింది. వీపు వైపు పొలుసులు జొన్నగింజల్లా చిన్నవి, లెక్కకు అందనివి. పొట్ట వైపు అలా కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెడల్పాటి పొలుసులు, ఒకదాని వెనక ఒకటి, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు. అక్క వాటిని పలకలు అనేది. నా వేలు పట్టుకుని ఒక్కో పలక మీద నడిపించింది.

"గీ పలక పైన, లోపల ఒక వెన్నుపూస ఉంటది. దానికి రెండు దిక్కుల రెండు పక్కటెముకలు. ఇంకో పలక, ఇంకో పూస. పాము నడిచేది వీటితోనే. బయట పలకలు లెక్కపెడితే చాలు, లోపల ఎన్ని పూసలో పామును కొయ్యకుండనే చెప్పొచ్చు" అంది.

అన్ని పాములకూ ఇంతేనా అని అడిగాను. చాలావాటికి ఇంతేనట. వానపాములా సన్నగా ఉండే గుడ్డిపాముకు మాత్రం పొట్ట కింద పెద్ద పలకలే ఉండవు, దాని పొలుసులతో ఎముకల లెక్క తేలదట. ఇంకా ఒక మినహాయింపు చెప్పింది. తల వెనక మొట్టమొదటి ఒకటి రెండు పూసల కింద పలక ఉండదు, అక్కడ గొంతు పొలుసులే ఉంటాయి. ఆ రెండు పూసలనూ అక్క విడిగా అగ్గిపెట్టెలో పెట్టి ఓణీ చెంగున ముడివేసుకుంది, ఎక్కడ పోతాయోనని. ఓణీ మార్చినా ఆ పెట్టె చెంగునే ఉండేది. అందులో ఒకటి ఉంగరంలా గుండ్రంగా ఉంది. నా చిటికెన వేలికి పెట్టుకోబోతే చేతి మీద కొట్టింది.

మర్నాడు పొద్దున్నే అక్క పళ్ళెంలోని పూసలను పలకల పక్కన పేర్చి చూసుకుంది. రెండు వందలకు కాస్త తక్కువ. పలకకొక పూస, సరిగ్గా సరిపోయాయి. మట్టిలో ఒక్కటి కూడా పోలేదని ఆమె ముఖమంతా సంతోషం. మళ్ళీ పళ్ళెంలో పోసి, మా నానమ్మ వడియాల చీరకు కొంచెం ఎడంగా, పిట్టగోడ వారనే పెట్టి, మీద జల్లెడ బోర్లించి, నన్ను చూస్తూ ఉండమని స్నానానికి వెళ్ళింది. అంతలో కింద నుంచి అమ్మ పిలిచింది. నేను నీళ్ళు తోడడానికి దిగాను. అమ్మ వంటలో ఉంది కనుక తమ్ముడు నానమ్మ దగ్గరే డాబా మీద ఉన్నాడు.

నేను అమ్మ వెంట మళ్ళీ పైకి వెళ్ళేసరికి జల్లెడ పక్కన పడి ఉంది. తమ్ముడు పళ్ళెం ముందు కూర్చుని గుప్పెట్లతో పూసలు ఎత్తి పోస్తున్నాడు. వాడి దవడ కదులుతోంది. అమ్మ వాడి నోట్లో వేలు పెట్టి ఒక తెల్లటి ముక్క బయటికి తీసింది.

"ఏం తింటాండు వీడు, అత్తమ్మా" అంది.

నానమ్మ తాపీగా చెప్పింది. "ఏడుస్తాండని పక్కింటోళ్ళ వడియం ఒకటి చేతుల వెట్టిన. ఒకటో రెండో. అయినా వాళ్ళకు వడియాలు వెయ్యరాదు కమలమ్మా, రాళ్ళ లెక్క ఉన్నయి. నేను గూడ నాలిక మీద వెట్టుకొని చూసిన. ఉప్పు లేదు, పులుపు లేదు. మళ్ళ అండ్లనే ఏసిన."

అప్పుడే తడి జుట్టుతో అక్క పిట్టగోడ దాటింది. ఆ మాటలు విని ఆమె అడుగు అక్కడే ఆగిపోయింది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. నానమ్మను ఏదో వంక పెట్టి కిందికి పంపించమని అమ్మకు కళ్ళతో సైగ చేసింది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు కానీ పంపించింది. మెట్ల మీద కర్ర చప్పుడు ఆగిపోయాక అక్క చెప్పింది.

"చిన్నమ్మా, అవి వడియాలు కావు."

"మరేంది?"

"పాము బొక్కలు."

అమ్మ వాడిని ఒక్కసారిగా ఛాతీకి అదుముకుంది. మా అమ్మ కోపగించినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ఎంత తగ్గిందంటే దగ్గరున్న నాకే సగం వినబడలేదు. పాము బొక్క, అంటే ఎముక, గుచ్చుకుంటే ఏళ్ళ తరబడి విషం ఎక్కుతూనే ఉంటుందని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. మా ఇళ్ళలో అందరూ విన్నదే. అక్క ఆమె ముందు కూర్చుని నెమ్మదిగా విడదీసి చెప్పింది. జెర్రిపోతుకు అసలు విషమే లేదు. విషమున్న పాముకైనా అది తలలో ఉంటుంది, బొక్కలో ఉండదు. సున్నపు తేటలో నానాయి, శుభ్రంగానే ఉన్నాయి. అమ్మ అన్నీ విన్నది. విని ఒక్కటే అడిగింది.

"మింగిండా, లేదా? గది చెప్పు."

అది ఎవరికీ తెలియదు. నానమ్మకు ఎన్ని ఇచ్చిందో గుర్తు లేదు. వాడు తన చేత్తో ఎన్ని తీసుకున్నాడో చూసినవాళ్ళు లేరు. వాడు మాత్రం అమ్మ భుజం మీద నుంచి కాకిని చూసి నవ్వుతున్నాడు. నాన్న వడ్ల కోసం తొర్రూరు వెళ్ళి అప్పటికి ఒక రోజయింది. మర్నాటికి గానీ రాడు. నానమ్మకు తెలిస్తే మనవడికి తన చేత్తో పాము ఎముక తినిపించానన్న దిగులుతోనే మంచం పడుతుంది. తన నాలుక సంగతి సరేసరి. పైగా మంత్రం వేసే ఆయనకు కబురు వెళ్తుంది, వీధంతా మా ఇంటి ముందుంటుంది. ఆ సాయంత్రానికి అక్క చదువు కూడా ఆగిపోతుంది. అమ్మకు ఇవన్నీ తట్టే ఉంటాయి. కానీ ఆమె ముఖంలో ఒక్క ప్రశ్నే ఉంది.

అక్క లేచి చెక్కను తెచ్చి అమ్మ ముందు పరిచింది. పలకకొక పూస అన్న సంగతి ఆమెకూ చెప్పింది. పొద్దున పేర్చినప్పుడు అన్నీ సరిపోయాయని, నేను కూడా చూశానని చెప్పింది. ఇప్పుడు మళ్ళీ పేరుద్దాం, ప్రతి పలక మీదా పూస కూర్చుంటే వీడు ఏదీ మింగనట్టే కదా అంది. అమ్మ ఆ తోలు వైపు చూడలేక చూసింది. చూసి, సరే పెట్టమంది.

ముందు చీర మీదా, గచ్చు మీదా, వడియాల మధ్యా వెతికి పడిపోయిన పూసలన్నీ ఏరాము. మా వడియాల్లోనే నాలుగో ఐదో దొరికాయి. వాడి నోట్లోంచి అమ్మ తీసినదాన్నీ కడిగి వాటిలో కలిపాము. తరువాత అక్క మెడ వైపు నుంచి మొదలుపెట్టింది. నేను పూస అందించేదాన్ని, ఆమె పలక మీద పెట్టేది. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో కట్టడి చేసుకుని, ఒక్కో పూస ఒక్కో పలక మీద ఆనుతుంటే పెదవులు కదిలిస్తూ చూసేది. ఎండ ఎక్కుతోంది. గచ్చు కాలి మా మోకాళ్ళు చురచురలాడుతున్నాయి. ఎవరూ నీడకు జరుగుదామనలేదు. ఖాళీ తోలు మీద వెన్ను వరుసగా మొలుచుకొస్తుంటే, ఆ జెర్రిపోతు మా కళ్ళ ముందే తిరిగి తయారవుతున్నట్టు ఉంది. సగం దాటాక అమ్మే ముందుకు వంగి, వంకరగా కూర్చున్న పూసను వేలితో సరిచేసింది. తోలును ముట్టుకున్నానన్న సంగతి కూడా ఆమెకు గుర్తు లేదు.

పళ్ళెంలో పూసలు పల్చబడ్డాయి. పది, ఎనిమిది, ఐదు. నేను ముందుగానే కళ్ళతో అవతలి పలకలు లెక్కపెట్టుకుని తల దించేశాను. చివరి పూస పెట్టాక ఇంకో పలక మిగిలింది.

అదే క్షణంలో తమ్ముడు అమ్మ మంగళసూత్రం లాగాడు. అమ్మ కిందికి చూసి వాడి వేళ్ళు విడిపించింది. అంతసేపే. ఆమె మళ్ళీ తల ఎత్తేసరికి చివరి పలక మీద పూస ఉంది. గుండ్రంగా, ఉంగరంలా ఉంది. ఓణీ చెంగు ముడి ఎప్పుడు విప్పుకుందో, అక్క చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

అమ్మ వేలితో చివరి నుంచి వెనక్కి కొన్ని పలకలు తడిమింది. ఖాళీ లేదు. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన గాలి ఇప్పటికీ నా చెవిలో ఉంది. తమ్ముడి నెత్తి మీద గడ్డం ఆనించి కాసేపు ఏడ్చింది. ఏడ్చాక అక్కను తిట్టింది. చదువుకోవడమంటే శవాలు కడగడమా బిడ్డా, డాబాల మీద దయ్యాల పిండివంటలు ఆరబెట్టడమా అని తిట్టింది. అక్క తల వంచుకుని అన్నీ పడింది. ఆ ఉంగరం పూస మెడది, దానికి పలకతో జత లేదు, ఆ వరుసలో దానికి చోటే లేదు. ఆ సంగతి డాబా మీద ఇద్దరికే తెలుసు. అక్క నా వైపు చూసింది. నన్ను మాట్లాడవద్దని ఆ చూపులో లేదు. బతిమాలుతున్నట్టు ఉంది, అంతే.

పోయిన పూసను కాకి ఎత్తుకుపోయి ఉండవచ్చు కదా అని నేను నాకు చెప్పుకున్నాను. అక్క అలా చెప్పుకుని ఊరుకోలేదు. జాకెట్టు గుడ్డ కొనాలని ఇంట్లో చెప్పి, నన్ను తోడు తీసుకుని, రిక్షాలో తిన్నగా దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ ముందు నిలబడి, దాచకుండా అంతా చెప్పింది. ఆవిడ ముందు పిల్లాణ్ణి ఎందుకు తీసుకురాలేదని కోప్పడింది. తరువాత ఒక్కొక్కటే అడిగింది. ఊపిరి మంచిగా తీస్తున్నాడా, పాలు తాగుతున్నాడా, కక్కుతున్నాడా. అలాంటిదేమీ లేకపోతే అంత చిన్న ఎముక దానంతట అదే బయటికి వచ్చేస్తుంది, అరటిపండు, పప్పన్నం పెట్టండి, ముడ్డిగుడ్డలు చూస్తూ ఉండండి అంది. కడుపు గట్టిపడినా, వాంతి అయినా, నెత్తురు కనబడినా క్షణం ఆగకుండా ఎత్తుకుని రమ్మంది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అక్క నాతో అంది, "ఏమన్న తేడా వస్తే నేనే మీ అమ్మకు చెప్త, నేనే ఎత్తుకొని ఉరుకుత. నువ్వేం ఫికర్ చేయకు." ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. చల్లగా ఉంది, అంత ఎండలోనూ.

ఆ పూట నుంచి అక్క మా ఇంట్లోంచి కదలలేదు. అరటిపళ్ళు తెచ్చి గిన్నెలో మెదిపి తమ్ముడికి తినిపించింది. వాడు కాస్త ముక్కితే ఉలిక్కిపడి పొట్ట నొక్కి చూసేది. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టేది. అన్నిటికంటే మా అమ్మను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. వాడి ముడ్డిగుడ్డలు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పెరట్లో నీళ్ళ గోళెం దగ్గరికి తానే తీసుకుపోయి ఉతికేది. డాబా మీద చేసిన తప్పుకు పరిహారం చేసుకుంటోందని అమ్మ అనుకుంది. వద్దు బిడ్డా, నీకెందుకీ పని అని ఎన్నిసార్లో అంది. అక్క వినలేదు.

నానమ్మకు మాత్రం అందులో వేరే అర్థం కనిపించింది. "సదువుకున్న పిల్ల ముక్కు మూసుకోకుండ పసిపోరని గుడ్డలు ఉతుకుతాంది. ఈ పిల్లకు మంచి సంబంధం చూడుండ్రి, ఇల్లు నిండ పిల్లలున్న కొంప చూడుండ్రి" అని పిట్టగోడ అవతలికి వినబడేలా చెప్పింది. కాసేపాగి, "ముందు తల్లికి వడియాలు నేర్పుమనుండ్రి" అని కూడా కలిపింది. అక్క నవ్వలేక నవ్వింది. ఆ రోజు ఆమె అన్నం తినడం నేను చూడలేదు. మా ఇంట్లో అడిగితే ఇంట్లో తిన్నానంది, వాళ్ళింట్లో అడిగితే మా ఇంట్లో తిన్నానని చెప్పి ఉంటుంది.

మర్నాడు ఏమీ కనబడలేదు. నాన్న తొర్రూరు నుంచి వచ్చి, పక్కింటి పిల్ల మన ఇంట్లో ఉతుకుతోందేమిటని అడిగి, ఎవరూ సరైన జవాబు చెప్పకపోతే ఊరుకున్నాడు. ఆ తరువాతి పొద్దున నేను గోళెం దగ్గరికి వెళ్ళేసరికి అక్క తడి నేల మీదే కూలబడి ఉంది. అరచేతిలో ఏదో ఉంది. ముఖం ఏడుస్తున్నట్టూ ఉంది, నవ్వుతున్నట్టూ ఉంది. నన్ను చూసి అరచెయ్యి చాపింది. శుభ్రంగా కడిగిన తెల్లటి పూస, బొడిపెలన్నీ అలాగే ఉన్నాయి. మా తమ్ముడు లోపలికి ఎలా పంపించాడో అలాగే తిరిగి ఇచ్చాడు.

ఇక్కడితో అక్క ఊరుకుని ఉంటే మా అమ్మకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. నేను చెప్పేదాన్ని కాదు. కానీ అక్క లేచి, చేతులు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ తమ్ముడికి పాలిస్తోంది. అక్క ఆమె ముందు కూర్చుని, ఉంగరం పూస తీసి ఒక చేతిలో, ఈ పూస ఒక చేతిలో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. చివరి పలక ఖాళీగా మిగిలిందని, తానే దాన్ని నింపిందని, డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చిందని, అన్నీ.

అమ్మ ఆ రెండు పూసలనూ మార్చి మార్చి చూసింది. 

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు అన్నం ముట్టవు చిన్నమ్మా. నువ్వు తినకపోతే వీనికి పాలుండవు. నేను తినకున్నా ఎవరికేం గాదు."

అమ్మ ముఖంలో ఏదో కదిలింది. ఖాళీగా ఉన్న చేత్తో అక్క గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆ ముఖం అప్పటికి వాడిపోయి ఉంది. "పెద్దదానివైనవ్ పో" అంది. కొంచెం ఆగి, తన తగ్గిన గొంతుతోనే ఇంకో మాట అంది. "గని బిడ్డా, నేను వీని తల్లిని. ఇంకోసారి ఏ తల్లికీ గిట్ల దాచకు. చెప్పు. చెప్పి పక్కన్నే కూసో. తల్లి తింటదో తినదో నువ్వు పక్కన ఉండి చూసుకో."

అక్క తల ఊపింది. అమ్మ నా వైపు తిరిగి, పొయ్యి మీద అన్నం ఉంది, దీనికి పెట్టు, ముందు నెయ్యి వెయ్యి అంది. అక్క ఆ పూట తిన్న తిండి నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. మామిడికాయ తొక్కుతో మొదలుపెట్టి, మా వడియాలన్నీ నమిలి, మజ్జిగ దాకా ఆపలేదు. నానమ్మ ఆ కరకరలు విని, ఇవీ వడియాలంటే, అని తృప్తిగా గొణుక్కుంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరి దాకా పక్కింటివాళ్ళకు వడియాలు వేయడం రాదనే నమ్మకంతోనే ఉంది.

సెలవులు అయిపోయాక పాము తీగకు ఎక్కి హైదరాబాదు వెళ్ళింది. కాలేజీలో మెచ్చుకున్నారని అక్క చెప్పింది. ఆ వెన్నులో ఒక పూస మా తమ్ముడి గుండా ప్రయాణం చేసి వచ్చిందని అక్కడ ఎవరికీ తెలిసి ఉండదు. అక్క చదువు పూర్తి చేసుకుంది. ఆమె మీద ఏ మాటా పడలేదు. మా అమ్మ పడనివ్వలేదు.

పెద్దయ్యాక చాలా ఏళ్ళు ఆ రోజును తలుచుకుంటే నాకు అక్కే గొప్పగా కనబడేది. ఒక తల్లి భయాన్ని ఆమెకు తెలియకుండా తీసుకుని, తన మీద వేసుకుని, అన్నం మానేసి, గుడ్డలు ఉతికి, ఎక్కడా దొరకకుండా మోసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మ అన్న మాట అప్పట్లో నాకు కాస్త కరుకుగానే తోచింది. అంత చేసిన పిల్లకు బుద్ధి చెప్పాలా అనిపించేది. పాప పుట్టాక, అమ్మ మాట నాకు ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. నా బిడ్డ గురించి నాకు తెలియనిది ఇంకొకరికి తెలిసి ఉండటం ఎంత ఒంటరిగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. అక్క ప్రేమా నిజమే, అమ్మ కోరుకున్నదీ న్యాయమే. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకునే నేను నా పిల్లను పెంచుతున్నాను.

నేను భయస్తురాలిని. ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని నాతో అందరూ "ఏం కాదు" అంటారు. మా అత్తగారు అంటారు, పాలు పోసే అతను అంటాడు, పై వాటాలో ఉండే ఆవిడ మెట్లు దిగుతూ అంటుంది.  అన్నాక వాళ్ళు లేచి వెళ్తారా, కూర్చుంటారా అని చూస్తాను. నేను ఎవరికైనా ఆ మాట అనవలసి వస్తే, ముందు నేను లేచి వెళ్ళాల్సిన పనులేమైనా ఉన్నాయా అని చూసుకుంటాను. ఉంటే అనను.

పోయిన నెలలో పాపకు జ్వరం వచ్చింది. మావారు థర్మామీటరు వెలుగు వైపు తిప్పి చూసి, దులిపి, కొంచెమే ఉందన్నారు. ఆయన దులిపిన తొందరను బట్టి అది కొంచెం కాదని నాకు తెలిసిపోయింది. నాకు కోపం రాలేదు. ఎంతుందో చెప్పి నా పక్కన కూర్చోండి అన్నాను. ఆయన ఉన్నదున్నట్టు చెప్పి, గిన్నెలో నీళ్ళు పోసుకుని వచ్చి పాపకు అటు పక్కన కూర్చున్నారు. ఒక తడిగుడ్డ ఆయన పిండారు, ఒకటి నేను పిండాను.